సీసాలోని అశ్వశక్తి

మోటారు పందెములలో పాల్గొనువారు రెండు తెగలవారు. కొందఱు గొప్ప కంపెనీల ధనముతోడను, నిపుణుల సహాయముతోడను పరుగెత్తువారు. తక్కినవారు తమ సంపాదనలో మిగిల్చుకొన్న సొమ్ముతో పాతకారు నొకదానిని కొని, సెలవు దినములందు తామే విప్పి బిగించి, ఆదివారమునాడు పందెమునకు దింపువారు. ఈ రెండవ తెగవారే ఔత్సాహికులు. వీరికి జీతములు లేవు. యంత్రము కాలిపోయినచో ఆ నష్టమును భరించువారు వీరే. అమెరికాలోను, ఇతర దేశములలోను ఇట్టివారి నాశ్రయించి ఒక వర్తకము సాగుచున్నది. చిన్న సీసా నొకదానిని కొని పెట్రోలులో కలిపినంతనే యంత్రమునకు క్రొత్త బలము వచ్చునని ఆ వర్తకులు చాటుచున్నారు. ఈ మాటలో సత్యమెంత, వంచన యెంత, అపాయమెంత యని విచారించుట అవసరము.

మొదట గ్రహింపవలసిన సంగతి యొకటి కలదు. యంత్రమునకు బలము నిచ్చునది పెట్రోలు మాత్రమే కాదు; గాలియు నిచ్చును. ఒక కిలోగ్రాము పెట్రోలు పూర్తిగా మండుటకు సుమారు 14.7 కిలోగ్రాముల గాలి కావలయును. పెట్రోలును ఎంతయైనను పోయవచ్చును గాని, సిలిండరు పీల్చు గాలికి ఒక మితి కలదు. కావున బలమును పెంచుటకు మార్గములు మూడు: గాలిని ఎక్కువగా లోనికి పంపుట, ఆ గాలినుండి ఎక్కువ వేడిమిని రాబట్టుట, పుట్టిన వేడిమిలో ఎక్కువ పాలును పనిగా మార్చుట. తన సీసాలోని ద్రవము ఈ మూడింటిలో దేనికి తోడ్పడునో చెప్పజాలని వర్తకుని మాట నమ్మదగినది కాదు.

ఆక్టేను లెక్క

అంగడిలో మిక్కిలిగా విక్రయమగునవి ఆక్టేను సంఖ్యను పెంచు ద్రవములు. ఆక్టేను సంఖ్య బలమునకు కొలత కాదు. సిలిండరులో అణచబడిన మిశ్రమమునకు ప్లగ్గు నిప్పురవ్వ నంటించును. ఆ మంట వ్యాపించి తనయొద్దకు చేరకముందే మిగిలిన మిశ్రమము తనంతట తాను భగ్గుమన్నచో, లోహమును సుత్తితో కొట్టినట్టి చప్పుడు వినవచ్చును. దీనినే నాకింగు అందురు. ఇది మితిమీరినచో పిస్టను పగులును. ఈ అకాలపు మంటను ఇంధనము ఎంతవరకు ఓర్చుకొనగలదో తెలుపునదే ఆక్టేను సంఖ్య. ఓర్పు ఎక్కువగల ఇంధనమును వాడినచో మిశ్రమమును మఱింత బిగించి అణచవచ్చును. నిప్పురవ్వను కొంచెము ముందుగా వేయవచ్చును. బలము పెరుగునది ఈ మార్పుల వలననే. నాకింగును కనిపెట్టి తానే సర్దుకొను నేటి యంత్రములలో కొంత లాభము కలుగవచ్చును. అంతకుమించి, యంత్రమును ఏమాత్రము మార్చక సీసాను మాత్రము ఒంపినవానికి దక్కునది వ్యయమే.

ఆ సీసాలపై వ్రాతయందును ఒక చమత్కారము కలదు. “30 పాయింట్లు పెంచును” అని యుండును. చదివినవాడు తన 91 ఆక్టేను పెట్రోలు 121 అగునని భ్రమించును. కాని ఆ వర్తకుల పరిభాషలో పాయింటనగా ఆక్టేను సంఖ్యలో పదవ వంతు. 30 పాయింట్లనగా మూడు సంఖ్యలు. 91 కాస్త 94 అగును. అబద్ధమాడకయే మోసగించు విద్య యిది.

సీసము నేర్పిన పాఠము

ఇట్టి ద్రవముల చరిత్రలో పెద్ద అధ్యాయము సీసమునది. 1921 డిసెంబరులో అమెరికాలోని జనరల్ మోటార్సు పరిశోధనాలయమున థామస్ మిడ్జ్‌లీ, టెట్రాఇథైల్ సీసమును కొలదిగా కలిపినచో నాకింగు నిలిచిపోవునని కనుగొనెను. 1923 ఫిబ్రవరిలో డేటన్ నగరమున దాని విక్రయము ప్రారంభమయ్యెను. ఆ సంవత్సరము మే నెలలో జరిగిన ఇండియానాపోలిస్ 500 మైళ్ల పందెమున మొదటి మూడు స్థానములు పొందిన కార్లు ఈ ఇంధనమునే వాడినవని ప్రసిద్ధి. ఇంతకంటె గొప్ప ప్రకటన వర్తకునకు ఏమి కావలయును? కాని మరుసటి యేడు 1924 అక్టోబరులో న్యూజెర్సీలోని కర్మాగారమున ఆ ద్రవమును తయారుచేయు పనివారు ఐదుగురు మతిచలించి మృతినొందిరి. అయినను విక్రయము ఆగలేదు. దశాబ్దములపాటు లోకమెల్ల ఆ పొగను పీల్చెను. పసిబిడ్డల మెదడునకు సీసము చేయు హాని అందఱికిని తేటపడిన పిమ్మటగాని ప్రభుత్వములు కదలలేదు. మన దేశమున సీసపు పెట్రోలు 2000 సంవత్సరమున నిలిచినది. బాటలపై తిరుగు బండ్ల విషయమున ప్రపంచమున దాని కడపటి విక్రయము అల్జీరియాలో 2021లో ముగిసినది.

అమెరికాలో ఈ నిషేధము 1996లో సంపూర్ణమైనను పందెపు కార్లకు మినహాయింపు దొరకినది. నాస్కారు పందెములవారు 2007లో సీసమును విడిచిరి గాని, ఔత్సాహికుల కొఱకు సీసము కలిసిన పందెపు పెట్రోలు నేటికిని అక్కడ విక్రయింపబడుచున్నది. తన కారు వేగమునకై తన పిల్లలు నిలుచున్న చోట సీసపు పొగను విడుచుట ఎంతవరకు యుక్తమో వారే యోచింపవలెను.

మంట కానరాని ఇంధనము

యథార్థముగా బలమును పెంచు ద్రవములు లేకపోలేదు. వానిలో మీథనాలు ఒకటి. అది ఆవిరియగునప్పుడు పెట్రోలుకంటె సుమారు మూడు రెట్లు వేడిమిని పీల్చుకొనును. అందుచే లోనికి వచ్చు గాలి చల్లబడి దట్టమగును, నాకింగు తగ్గును. 1964లో ఇండియానాపోలిస్ పందెమున పెట్రోలు మంటలలో ఇరువురు చోదకులు మరణించిన పిమ్మట అక్కడివారు మీథనాలునకు మఱలిరి. దాని మంట నీటితో ఆరును. కాని పట్టపగలు ఆ మంట కంటికి కానరాదు. 1981లో అదే పందెమున రిక్ మియర్సు, ఆయన సహాయకులు ఇంధనము నింపుచోట అగ్నిలో చిక్కుకొన్నప్పుడు, వారు కాలుచున్నారని ప్రక్కవారికి తొలుత తెలియలేదు. మన పత్రికలలో తఱచుగా కనిపించు కల్తీసారా మరణములకును, చూపు పోవుటకును కారణము ఈ మీథనాలే. ఔత్సాహికుడు దీనిని వట్టి చేతులతో తాకరాదు. నోటితో గొట్టమును పీల్చి తోడరాదు.

నైట్రోమీథేను కథ మఱియు విచిత్రము. కిలోకు కిలో తూచినచో అది పెట్రోలు ఇచ్చు వేడిమిలో నాలుగవ వంతే ఇచ్చును. కాని ఆమ్లజనిని తనలోనే మోసికొని వచ్చుటచేత, కిలోగ్రామునకు 1.7 కిలోగ్రాముల గాలి చాలును. కావున అదే గాలితో ఎనిమిది రెట్లకు మించిన ఇంధనమును మండించవచ్చును. మొత్తము వేడిమి పెట్రోలు ఇచ్చుదానికి రెండు రెట్లకు పైబడును. దీని ఉగ్రతనుచూచి అమెరికా నేషనల్ హాట్ రాడ్ అసోసియేషన్ 1957లో దీనిని నిషేధించి 1963లో మఱల అంగీకరించెను. నేడు అగ్రశ్రేణి కార్లకుసైతము 90 శాతమునకు మించి వాడరాదు. 1958లో దీనిని నింపిన రైలు ట్యాంకులు అమెరికాలో రెండు తావుల ప్రేలినవి. పెట్రోలుతో ఇది చక్కగా కలియదు. మీథనాలుతో కలిపి వాడుదురు. వీనిని వాడువాడు ఇంధనపు రంధ్రములను విశాలపఱచి, ధారను లెక్కప్రకారము పెంచవలెను. లెక్క తప్పి ఇంధనము చాలనిచో వేడిమి హద్దుమీరి పిస్టను కరగిపోవును. సీసాపై ఈ లెక్క ఉండదు.

గొప్ప నిపుణులు ఏమి చేయుదురో చూడుడు. 1988లో ఫార్ములా వన్ పందెములలో హోండా యంత్రము 84 పాళ్లు టొల్యూనును, 16 పాళ్లు హెప్టేనును కలిపిన ఇంధనముతో పరుగెత్తెను. ఆ యంత్రముతో మెక్లారెను జట్టు పదునాఱు పందెములలో పదునైదు గెలిచెను. హెప్టేను ఆక్టేనును తగ్గించునది. నియమము విధించిన 102 సంఖ్యను దాటకుండుటకై దానిని కలిపిరి. వారు యంత్రమును, ఇంధనమును జతగా రూపొందించిరి. ఆ వార్త విని తన కారు ట్యాంకులో టొల్యూనును ఒంపువాడు ఫలమును చూచెను గాని చెట్టును చూడలేదు.

పందెపు ధర్మము

ఇంధన నియమములు వట్టి ఆంక్షలు కావు. 1944లో స్థాపితమైన స్పోర్ట్స్ కార్ క్లబ్ ఆఫ్ అమెరికా వంటి సంఘములు పందెమునందు ఇంధనపు మచ్చు తీసి పరీక్షించును. విద్యుత్ క్షేత్రమునకు ద్రవము ఎట్లు లోబడునో కొలుచు చిన్న పరికరమొకటి వారియొద్ద ఉండును. ఆ కొలతలో పెట్రోలు సుమారు 2, మీథనాలు 33, నైట్రోమీథేను 36. కావున రహస్యముగా కొలది కలిపినను ముల్లు పైకి జరిగి గుట్టు బయటపడును. సమానమైన ఇంధనముతో పరుగెత్తినపుడుగదా చేతి నేర్పునకును, యంత్రమును దిద్దిన ఓర్పునకును విలువ! లేనిచో గెలుచునది లోతైన జేబు మాత్రమే.

మద్రాసునుండి నెల్లూరు వచ్చు బాటలోని షోలవరమున, యుద్ధకాలపు విమానస్థలముపై దశాబ్దములపాటు మోటారు పందెములు జరిగినవి. నేడు మన పెట్రోలులోనే 20 శాతమువరకు ఇథనాలు కలియుచున్నది. 100 ఆక్టేను పెట్రోలును 2020నుండి మన నగరములలోనే విక్రయించుచున్నారు. మన యువకులకును ఇక సీసాల ఆకర్షణ దూరముకాదు. వారికి మేము చెప్పునది యొక్కటే. మొదట యంత్రమును సరిగా కూర్చుకొనుడు. నిప్పురవ్వ వేళను, గాలి ఇంధనముల పాళ్లను కొలిచి చూచుకొనుడు. ఆ యంత్రము నాకింగు లేక నడచుటకు ఎంత ఆక్టేను కావలయునో అంతయే కొనుడు. మీరు కొను ద్రవములో ఏమున్నదో వర్తకుడు వ్రాతమూలకముగా తెలుపనిచో దానిని అంగడిలోనే విడిచి రండు. బలము సీసాలో లేదు. యంత్రమును ఎఱిగిన చేతిలో నున్నది.