లూప్ లైనులో బతుకులు

జనగామ నుంచి సికింద్రాబాద్‌కు సుమారు 85 కిలోమీటర్లు. పట్టాలు గంటకు 130 కిలోమీటర్ల వేగానికి సిద్ధమయ్యాయి. ఆ పట్టాల మీద రోజూ ‘అప్ అండ్ డౌన్’ చేసే మనిషి మాత్రం ఏ పూట ఎన్ని గంటలకు చేరతాడో చెప్పలేడు.

జనగామ జిల్లాలోని తరిగొప్పులకు రైలు లేదు. అక్కడి వాళ్లు నగరంలో పనికి పోవాలంటే తెల్లారకముందే లేచి, నర్మెట మీదుగా పాతిక కిలోమీటర్ల దాకా రోడ్డున వచ్చి జనగామ స్టేషన్ చేరాలి. బస్సు అందితేనే రైలు అందుతుంది. ఆ రైలు ఆలస్యమైతే ఒకరికి కూలి, ఇంకొకరికి హాజరు, మరొకరికి పరీక్ష పోతుంది. రాత్రి తిరుగు ప్రయాణంలో ఇంకో చిక్కు. రైలు జనగామకు వచ్చేలోపు ఊరికి పోయే ఆఖరి బస్సు వెళ్లిపోతుంది. ఆటో మాట్లాడుకోవాలి, లేదంటే ఇంటి నుంచి ఎవరో ఒకరు బండి వేసుకుని రావాలి. రైల్వే రికార్డులో నలభై నిమిషాలుగా కనిపించే ఆలస్యం తరిగొప్పుల చేరేసరికి ఒక పూట నిద్రను మింగేస్తుంది.

ఈ రైళ్లెక్కే వాళ్లెవరో చూడండి. చర్లపల్లి పారిశ్రామికవాడలో షిఫ్టుకు పోయే కార్మికులు, ఘట్‌కేసర్ చుట్టూ ఉన్న ఇంజినీరింగ్ కాలేజీల పిల్లలు, బీబీనగర్ ఎయిమ్స్‌కు పోయే రోగులు, రాజధానిలో కొలువు చేస్తూ సొంతూరిని వదలని ఉద్యోగులు. నగరంలో అద్దె కట్టలేకో, ఊళ్లో ముసలి తల్లిదండ్రులను వదల్లేకో రోజూ పట్టాలెక్కుతున్న వాళ్లు. వీళ్ల శ్రమ నగరానికి కావాలి. వీళ్ల ప్రయాణం మాత్రం ఎవరికీ పట్టదు.

బొగ్గు కోసం వచ్చిన దారి

ఈ లైనుకు నూట ముప్పై ఏళ్లు దాటాయి. నిజాం గ్యారంటీడ్ స్టేట్ రైల్వే 1886లో సికింద్రాబాద్ నుంచి వరంగల్ దాకా పట్టాలు వేసింది. 1888లో ఇల్లెందు బొగ్గు గనులను, 1889లో బెజవాడను కలిపింది. గని నుంచి బొగ్గును, నగరం నుంచి రేవుకు సరుకును చేర్చడమే ఆనాటి ప్రధాన అవసరం. భువనగిరి, ఆలేరు, పెంబర్తి, జనగామ, రఘునాథపల్లి, ఘన్‌పూర్ దారిలో తగిలిన ఊళ్లు. కాలం మారింది, ఈ ఊళ్లు పెరిగాయి. 2016లో జనగామ జిల్లా కేంద్రమైంది, తరిగొప్పుల మండల కేంద్రమైంది. రైల్వే చూపు మాత్రం మారలేదు. ఈ దారి ఇప్పటికీ దూరపు రైళ్లదీ గూడ్సులదీ. నడిమి ఊళ్ల జనం సందు దొరికినప్పుడు పోవాల్సిన వాళ్లు.

ఎందుకు ఆగుతుంది?

ఘట్‌కేసర్ దాటాక కాజీపేట దాకా ఉన్నవి రెండే లైన్లు, పోవడానికొకటి, రావడానికొకటి. ఉత్తరాన ఢిల్లీ వైపు, తూర్పున విజయవాడ వైపు వెళ్లే రైళ్లలో చాలావరకు కాజీపేట దాకా వీటి మీదనే పోవాలి. వాటి నడుమ బొగ్గు, సిమెంటు గూడ్సులు. వెనక వేగంగా వచ్చే బండికి తొవ్వ ఇవ్వాలంటే ముందున్న నిదానపు బండిని పక్కకు తీయాలి. అందుకే ప్యాసింజర్‌ను ఏదో ఒక చిన్న స్టేషన్‌లో లూప్ లైనులోకి మళ్లిస్తారు. ఎక్స్‌ప్రెస్ దాటిపోతుంది. వెనకే మరొకటి వస్తుంటే అదీ దాటాలి. అప్పటిదాకా లోపలున్న వాళ్లు ఉక్కలో, నిలువుకాళ్ల మీద ఎదురుచూడాలి.

2022 సెప్టెంబరులో సికింద్రాబాద్–కాజీపేట–బల్లార్షా మార్గంలో గరిష్ఠ వేగాన్ని 130 కిలోమీటర్లకు పెంచారు. 2023 సంక్రాంతి నాడు సికింద్రాబాద్–విశాఖపట్నం వందే భారత్ మొదలైంది. సికింద్రాబాద్‌లో బయలుదేరితే అది మొదట ఆగేది వరంగల్‌లోనే. వేగాన్ని ఎవరూ వద్దనరు. కానీ ఒకే లైను మీద వేగంగా పోయే బండికీ ఊరూరా ఆగే బండికీ మధ్య తేడా పెరిగిన కొద్దీ, ఆ లైను మీద నడపగలిగే రైళ్ల సంఖ్య తగ్గుతుంది. నిదానపు బండిని పక్కకు తీయాల్సిన సందర్భాలు పెరుగుతాయి. దూరపు ప్రయాణికుడికి మిగిలిన నిమిషాల ధరను దగ్గరి ప్రయాణికుడు చెల్లిస్తున్నాడు.

నగరం దగ్గర పడ్డాక కష్టం తీరుతుందా అంటే అదీ లేదు. ప్లాట్‌ఫారం ఖాళీ లేక మౌలాలి ఔటర్ సిగ్నల్ దగ్గర బండి నిలబడిపోవడం ఈ దారిలో తిరిగే వారందరికీ అనుభవమే. 2025 జనవరి 6న చర్లపల్లి కొత్త టెర్మినల్ ప్రారంభమైంది. సికింద్రాబాద్ మీద భారం తగ్గించడానికి అది కావాల్సిందే. అయితే అక్కడ దిగిన మనిషి నగరంలోకి పోవడానికి సరిపడా ఎంఎంటీఎస్ లోకల్ రైళ్లు, సిటీ బస్సులు ఉంటేనే ఆ టెర్మినల్ వల్ల మేలు. లేకపోతే రైలు చార్జీని మించిన ఆటో చార్జీ జేబుకు చిల్లు పెడుతుంది.

లెక్కలో లేని స్టేషన్

రైలు వేళకు నడిచిందా లేదా అన్నది అది చివరి స్టేషన్ చేరిన సమయాన్ని బట్టి రైల్వే లెక్కగడుతుంది. పైగా టైంటేబుల్ వేసేటప్పుడే చివరి స్టేషన్‌కు ముందు కొంత అదనపు సమయం కలుపుతారు. చివరి స్టేషన్‌కూ దాని ముందు స్టేషన్‌కూ మధ్య, అక్కడ బయలుదేరే రైలుకు ఇచ్చిన సమయాన్ని, గమ్యం చేరబోయే రైలుకు ఇచ్చిన సమయాన్ని పక్కపక్కన పెట్టి చూస్తే ఇది ఎవరికైనా తెలుస్తుంది. కాబట్టి జనగామకు ఆలస్యంగా వచ్చిన బండి కూడా గమ్యానికి ‘సకాలంలో’ చేరినట్టు నమోదు కావచ్చు. జనగామ ప్లాట్‌ఫారం మీద నిలబడిన వారి అరగంట ఏ నివేదికలోకీ ఎక్కదు. లెక్కలోకి రాని నష్టాన్ని సరిదిద్దాలని ఎవరికి అనిపిస్తుంది? ఈ దారిలోని జబ్బుకు వేరు ఇక్కడే ఉంది.

రెండు నిమిషాల్లో రెండు బోగీలు

ప్యాసింజర్‌ను నమ్ముకోలేక జనం భాగ్యనగర్, గోల్కొండ, కాకతీయ, కృష్ణా ఎక్స్‌ప్రెస్‌ల జనరల్ బోగీల మీద పడతారు. అవి అప్పటికే నిండి వస్తాయి. మామూలుగా ఎక్స్‌ప్రెస్‌కు ముందు రెండు, వెనక రెండు జనరల్ బోగీలుంటాయి. పాత ఐసీఎఫ్ రకం బోగీలో 90 సీట్లు, కొత్త ఎల్‌హెచ్‌బీ రకంలో 100. బండి ఆగే కొద్ది క్షణాల్లో ఆ కొసకో ఈ కొసకో ఉరికి, తలుపులో వేలాడుతున్న వారిని దాటుకుని లోపలికి చేరాలి. చంటిబిడ్డతో ఉన్న తల్లికి, కర్ర పట్టుకున్న పెద్దాయనకు అది సాధ్యమయ్యే పనేనా? 2025 జూన్ 9న ముంబయి శివారు ముంబ్రా దగ్గర కిక్కిరిసిన లోకల్ రైళ్ల నుంచి జారిపడి కనీసం నలుగురు చనిపోయారు. రద్దీని అసౌకర్యంగా మాత్రమే చూస్తే జరిగేది అదే.

పేదవాడి బండి మీద ఇంకో దెబ్బ కరోనా కాలంలో పడింది. 2020 మార్చి 22న ప్రయాణికుల రైళ్లు ఆగాయి. మళ్లీ మొదలైనప్పుడు ప్యాసింజర్లు ‘ప్రత్యేక’ ఎక్స్‌ప్రెస్‌ల పేరుతో తిరిగొచ్చాయి. బండి అదే, వేగం అదే, కనీస చార్జీ మాత్రం 10 రూపాయల నుంచి 30కి పెరిగింది. పాత చార్జీ మళ్లీ వచ్చింది 2024 ఫిబ్రవరి చివర్లో. అంటే దాదాపు నాలుగేళ్లు. వృద్ధులకు అప్పుడు తీసేసిన రాయితీ తిరిగి రానేలేదు.

బస్సులో పోవచ్చు కదా అనే వాళ్లుంటారు. 2023 డిసెంబరు 9 నుంచి ‘మహాలక్ష్మి’ పథకంతో ఆడవాళ్లకు పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఉచిత ప్రయాణం వచ్చింది. చాలా ఇళ్లకు అది పెద్ద ఊరట. కానీ వరంగల్ హైవే మీద ఉప్పల్ దగ్గరికి వచ్చేసరికి బస్సూ ఆగిపోతుంది. అక్కడ 2018లో మొదలుపెట్టిన ఎలివేటెడ్ కారిడార్ పనులు ఏళ్ల తరబడి సాగాయి.

తిరుత్తణికి ఉన్నది జనగామకు ఎందుకు లేదు?

చెన్నై నుంచి తిరుత్తణి కూడా దాదాపు జనగామ అంత దూరమే. అక్కడికి సబర్బన్ రైళ్లు రోజంతా నడుస్తాయి. ముంబయి చర్చ్‌గేట్ నుంచి డహాణు రోడ్ 124 కిలోమీటర్లు. 2013లో లోకల్ రైళ్లను అక్కడిదాకా పొడిగించారు. సికింద్రాబాద్ నుంచి కాజీపేట 132 కిలోమీటర్లు. దూరం అడ్డంకి కాదని ఆ రెండు నగరాలు ఎప్పుడో తేల్చాయి.

మన దగ్గర ఎంఎంటీఎస్ 2003 ఆగస్టు 9న మొదలైంది. ఘట్‌కేసర్ వైపు ఆ రైలు 2024 మార్చి 5న గానీ రాలేదు. ఘట్‌కేసర్ నుంచి యాదాద్రికి 33 కిలోమీటర్ల పొడిగింపు 2016లో మంజూరై ఏళ్ల తరబడి కాగితాలకే పరిమితమైంది. ఎదురుచూడటం ఈ నేలకు కొత్తేమీ కాదు. 1980ల మొదట్లో కాజీపేటకు అనుకున్న కోచ్ ఫ్యాక్టరీ పంజాబ్‌లోని కపుర్తలాకు పోయింది. కాజీపేటలో రైల్వే తయారీ యూనిట్‌కు పునాదిరాయి పడింది 2023 జులై 8న. బోగీలు తయారు చేయబోయే గడ్డ మీది మనిషికి బోగీలో నిలబడే చోటు కూడా దొరకకపోవడం అన్యాయం.

అడగాల్సింది ఏమిటి?

మొదటిది, ఘట్‌కేసర్–కాజీపేట మధ్య అదనపు లైన్లు. రెండోది, అవి వేసేదాకా ఆఫీసు వేళల్లో జనగామ–సికింద్రాబాద్ మధ్య పొద్దున, సాయంత్రం మెము రైళ్లు నడపాలి. ఆ రెండు పూటలా వాటిని లూప్‌లో పెట్టకూడదు. మేడారం జాతర వస్తే వరంగల్‌కు ప్రత్యేక రైళ్లు వేయగలుగుతున్న రైల్వేకు ఇది చేతగాని పని కాదు. మూడోది, భువనగిరి, ఆలేరు, జనగామ వంటి నడిమి స్టేషన్ల సమయపాలనను నెలనెలా ప్రకటించాలి. నాలుగోది, నర్మెట, తరిగొప్పుల వైపు ఆఖరి బస్సును ఆర్టీసీ రైలు రాకతో ముడిపెట్టాలి. దీనికి కోట్లు అక్కర్లేదు, ఇద్దరు అధికారులు కూర్చుని మాట్లాడుకుంటే చాలు.

జనగామ అసెంబ్లీ స్థానం భువనగిరి లోక్‌సభ పరిధిలో, స్టేషన్ ఘన్‌పూర్ వరంగల్ పరిధిలో ఉన్నాయి. ఒకే బండి ఎక్కే జనం ఇద్దరు ఎంపీల మధ్య చీలిపోయారు. ఆ ఇద్దరూ కలిసి ఒకే వినతిపత్రం మీద సంతకం పెట్టేలా చేయాల్సింది ఈ బండెక్కే ఓటర్లే. అమృత్ భారత్ పథకం కింద జనగామ స్టేషన్‌కు కొత్త హంగులు వస్తున్నాయి. సంతోషమే. కానీ స్టేషన్ ఎంత అందంగా ఉన్నా జనం వచ్చేది రైలెక్కడానికి. ఆ రైలు వేళకు రావాలి, అందులో కూర్చునే చోటుండాలి. టికెట్ కొన్న మనిషికి ఇది హక్కు. దీన్ని దయగా అడగడం మానేసిన రోజే రైల్వే లెక్కలో జనగామ పేరు చేరుతుంది.