రాయలు చూసిన వాన

సింహాసనం మీద కూర్చున్నవాడు పొయ్యి రాజుకోని ఇల్లాలి అవస్థ రాశాడు. విష్ణుభక్తి చెబుతూ ఆకుకూరల పేర్లు, కుంపటి వెచ్చదనం, బాతుల నిద్ర చెప్పాడు. శ్రీకృష్ణదేవరాయల ‘ఆముక్తమాల్యద’లో మట్టికీ మాధవుడికీ దూరం లేదు.

తెల్లవారుజాము. విల్లిపుత్తూరు పొలాల్లో కాలవ పక్కన బాతులు రెక్కల్లో తల దూర్చుకుని నిద్రపోతున్నాయి. చీకటితోనే స్నానం చేసి వెళ్లిన బ్రాహ్మణులు పిండిన బట్టలు మరిచిపోయారనుకున్నారు తలారులు. ఇళ్లకు చేర్చుదామని రేవులోకి దిగారు. ‘బట్టలు’ కాస్తా లేచి పరుగందుకున్నాయి. వరిచేలకు కాపున్న ఆడవాళ్లు పకపకా నవ్వారు.

ఇదంతా ఒక్క పద్యం. ప్రబంధమన్నాక ఊరి వర్ణన ఉండాల్సిందే. మేడలూ కోటలూ ఉద్యానాలూ ఎవరైనా వర్ణిస్తారు. తలారుల పొరపాటును పట్టుకోవాలంటే మాత్రం పొద్దున్నే పొలం గట్టున నిలబడి చూసిన కన్ను కావాలి.

కలలో వచ్చిన ఆన

రాయలు 1509 నుంచి 1529 వరకు విజయనగరాన్ని ఏలాడు. కళింగ దండయాత్ర సందర్భంలో కృష్ణాతీరాన ఉన్న శ్రీకాకుళంలో ఆగినప్పుడు, ఏకాదశి ఉపవాసం ఉన్న రాత్రి ఆంధ్ర మహావిష్ణువు కలలో కనిపించాడని కావ్యం మొదట్లో తానే చెప్పుకున్నాడు. ఆ శ్రీకాకుళం ఇప్పుడు కృష్ణాజిల్లాలోని పల్లె. సంస్కృతంలో చాలా రాశావు, ఇక తెలుగులో గోదాదేవితో నా పెళ్లి కథ చెప్పు, తిరుమల వేంకటేశ్వరుడికి అంకితమియ్యి అన్నది స్వామి ఆన. తిరుమలకు ఏడుసార్లు వెళ్లిన రాజుకు అంతకన్నా ఏం కావాలి?

కథ తమిళదేశపు వైష్ణవ భక్తకవులైన ఆళ్వార్లది. విష్ణుచిత్తుడు స్వామికి పూలమాలలు కట్టే భక్తుడు. తులసివనంలో దొరికిన పసిపాపను గోద అని పెంచుకుంటాడు. ఆమె మాలను ముందు తాను ముడుచుకుని, తర్వాత స్వామికి పంపుతుంది. చివరికి శ్రీరంగనాథుణ్ణే పెళ్లాడుతుంది. ఆరు ఆశ్వాసాల కావ్యంలో ఈ కథ పాలు తక్కువే. మిగతా చోటంతా ఎండా వానా చలీ, పొలమూ అడవీ, భక్తుల ఉపకథలూ ఆక్రమించుకున్నాయి.

విస్తట్లో ఋతువులు

విష్ణుచిత్తుడి భక్తికి కొలత ఆయన ఇంటి విస్తరి. వచ్చిన వైష్ణవుడికి వానాకాలమైతే వరన్నం, పప్పు, నాలుగైదు కూరలు, వడియాలు, వరుగులు, పెరుగు, నెయ్యి. వేసవిలో నులివెచ్చని అన్నం, తియ్యని చారు, చెరుకురసం, కొబ్బరినీళ్లు, పండ్లు, నీళ్లమజ్జిగ. చలికాలంలో మిరియాల పొడితో పొగలు కక్కే కూరలు, ముక్కు అదరగొట్టే ఆవపచ్చడి, చెయ్యి చురుక్కుమనేంత వేడినెయ్యి. ఆకాశం ఎలా ఉందో చూసి వంట మార్చడమే అక్కడ పూజావిధానం. ఋతువర్ణన అనే ప్రబంధ నియమాన్ని రాయలు వంటింట్లోకి తీసుకొచ్చి అతిథిసేవగా మార్చేశాడు.

ముసురు పట్టినప్పుడు

నాలుగో ఆశ్వాసంలో వాన మొదలవుతుంది. నిప్పు కోసం ఇల్లిల్లూ తిరగాలి. దొరికినా తడికట్టెలు రాజుకోవు. ఊదీ ఊదీ ఇల్లాలి కళ్లు పొగచూరతాయి. మరో పద్యంలో రెడ్లు గురుగు, చెంచలి, తుమ్మి, తగిరిస ఆకుల్ని చింతచిగురుతో కలిపి నూనెలో పొరటి, ఆరికన్నంతో కడుపునిండా తింటారు. పశువులు మేతకు పోయాయి. మేకెరువు కుంపటి వెచ్చగా ఉంటే మంచమెక్కారు. లేగదూడలు వాళ్ల ఒళ్లు నాకుతున్నాయి. విల్లిపుత్తూరు కథలో కురిసిన ఈ వాన మన మెట్టసీమల వాన. రాజభోజనం తినేవాడికి ఆరికన్నం రుచి ఎలా తెలిసిందోగాని, ఆకుల పేర్లు చెప్పడంలో ఎక్కడా తడబడలేదు.

వాన కురిసిన ఈ ఆశ్వాసంలోనే, ఒక ఉపకథలో వైష్ణవాచార్యుడైన యామునాచార్యుడు కొడుక్కి రాజనీతి బోధిస్తాడు. చెరువులు, కాలవలు తవ్వించి, పేద రైతుకు పన్నులో వెసులుబాటు ఇస్తే చిన్న దేశమైనా సిరితో ధర్మంతో పెరుగుతుందన్నది అందులో ఒక మాట. ఇది పుస్తకంలో మాటగానే మిగల్లేదు. రాయల కాలంలో విజయనగరానికి వచ్చిన పోర్చుగీసు యాత్రికుడు డొమింగో పేస్, రాజు తవ్విస్తున్న పెద్ద చెరువు పనులను కళ్లారా చూసి రాసిపెట్టాడు. వానను అంత దగ్గరగా చూసినవాడికి దాన్ని నిలబెట్టుకోవాలన్న ధ్యాసా ఉంది.

పాటకు పట్టం

చివరి ఆశ్వాసంలో మాలదాసరి వస్తాడు. అంటరానివాడని ఊరు దూరం పెట్టిన కులంలో పుట్టినవాడు. కురుంగుడి స్వామికి పాడబోతూ దారితప్పి మర్రిచెట్టు మీది బ్రహ్మరాక్షసుడికి చిక్కుతాడు. పాడి వచ్చాక నన్ను తినమని మాటిచ్చి వెళ్తాడు, మాట తప్పకుండా తిరిగొస్తాడు. ఒకప్పుడు బ్రాహ్మణుడైన ఆ రాక్షసుడికి విముక్తి ఈ దాసరి పాట ఫలంతోనే దక్కింది. పుట్టుక కన్నా పాట గొప్పదని ఒక చక్రవర్తి పద్యాల్లో రాసి స్వామికి అంకితమిచ్చాడు.

ఈ కథను వరాహస్వామి చెప్పగా విన్నది భూదేవి. పాటతో చేసే సేవ మహిమ తెలుసుకున్న ఆమే గోదగా పుట్టిందని రాయలు ముడి విప్పుతాడు. అప్పుడుగానీ కావ్యమంతా ఎందుకలా ఉందో అర్థం కాదు. కథానాయిక సాక్షాత్తూ భూమి. గురుగాకు, వరిచేను, తడికట్టె, మర్రినీడ... కథకు అడ్డొస్తున్నాయనిపించినవన్నీ నాయిక వర్ణనలే.

ఆముక్తమాల్యద కొరుకుడుపడదని పేరు. నిజమే, సంస్కృత సమాసాలూ పల్లెమాటలూ పక్కపక్కనే అడ్డుతగులుతాయి. వేదం వేంకటరాయశాస్త్రి వ్యాఖ్య తోడు పెట్టుకుని, మొదటి పేజీ నుంచి కాకుండా నాలుగో ఆశ్వాసం వాన నుంచి మొదలుపెట్టండి. ఆకుకూరలు, కుంపట్లు, దూడలు తెలిసినవాళ్లకు ఆ పద్యాల్లో సగం అర్థం ముందే తెలిసి ఉంటుంది.