కట్టుడు పళ్ళను పెట్టె అడుగున దాచకండి

క్రిందటి వేసవిలో ఒక మామ్మగారిని ఆమె కోడలు, మనవడు ఆటోలో పడుకోబెట్టి మన ఆసుపత్రికి తీసుకువచ్చారు. ఒళ్ళంతా చెమటలు. మాట తడబడుతోంది, పిలిస్తే సరిగా పలకడం లేదు. పక్షవాతమేమోనని ఇంటివారి భయం. వేలు పొడిచి రక్తం చూస్తే షుగరు 48కి పడిపోయి ఉంది. గ్లూకోజు ఎక్కించిన కొద్దిసేపటికి కళ్ళు తెరిచి, "నేనెక్కడున్నానమ్మా?" అని అడిగారు.

కారణం వెదికితే నోటిలో దొరికింది. అంతకు తొమ్మిది రోజుల ముందు మన దంత విభాగంలోనే ఆమెకు రెండు దవడలకూ కట్టుడు పళ్ళు అమర్చారు. క్రింది సెట్టు ఒకచోట ఒరుసుకుని చిగురు పుండు పడింది. ఆ నొప్పికి పళ్ళు తీసి ట్రంకు పెట్టెలో దాచేశారు. అన్నం మానేసి మజ్జిగ నీళ్ళతో, టీతో గడుపుతూ, షుగరు మాత్రలు మాత్రం వేళ తప్పకుండా వేసుకున్నారు. మర్నాడే చూపించుకోమన్నాము గదా అంటే, "ఇంత ఖర్చు పెట్టించి మళ్ళీ నొప్పి అంటే అబ్బాయి ఏమనుకుంటాడోనని ఊరుకున్నానమ్మా" అన్నారు. ఇదే మాట మేము చాలామంది పెద్దవారి నోట విన్నాము. అయితే తప్పు ఆమె ఒక్కరిదే కాదు. తిరిగి రావలసిన తేదీని మేము నోటితో చెప్పామే గాని, చీటీ మీద వ్రాసి కోడలి చేతికి ఇవ్వలేదు. ఇప్పుడు ఇస్తున్నాము.

కట్టుడు పళ్ళు అమర్చిన రోజుతో పని పూర్తయిందని చాలామంది అనుకుంటారు. నిజానికి ఆ రోజు పని సగమే అయినట్టు. చిగురు ఒకచోట మెత్తగా, ఒకచోట పలుచగా ఉంటుంది. దాని క్రింద ఎముక ఎగుడుదిగుడుగా ఉంటుంది. కొలత ఎంత జాగ్రత్తగా తీసినా, నాలుగు ముద్దలు నమిలిన తరువాత గాని ఎక్కడ నొక్కుతోందో తెలియదు. అందుకే మర్నాడో ఆ మర్నాడో ఒకసారి, వారానికి మరొకసారి, ఆ తరువాత ఒరిపిడి తగ్గేవరకు రమ్మంటాము. నొప్పి ఉన్నదని చెప్పడం డాక్టరుగారిని తప్పు పట్టడం కాదు. ఎక్కడ సవరించాలో వారికి తెలిసేది దానివల్లనే.

వచ్చేటప్పుడు ఒక్క సంగతి గుర్తుంచుకోండి. నొప్పి బాగా ఉంటే పళ్ళు తీసి ఉంచవచ్చు. కాని ఆసుపత్రికి వచ్చే రోజు ఉదయం నుండి కొన్ని గంటలైనా పెట్టుకుని, వాటితో ఏదైనా తిని రండి. అప్పుడే ఎర్రబడిన చోటు స్పష్టంగా కనిపిస్తుంది. నాలుగు రోజులు తీసి ఉంచి వస్తే చిగురు మానిపోయి, ఎక్కడ అరగదీయాలో తెలియదు. మీరు మాత్రం ఇంట్లో అరగదీయకండి. వడ్రంగం చేసిన ఒక తాతగారు ఆకురాయితో, ఉప్పు కాగితంతో తన సెట్టును అద్దంలా నున్నగా చేసుకుని వచ్చారు. పనితనానికి వంక పెట్టలేము, కాని ఆ సెట్టు మళ్ళీ నోటికి కుదరలేదు.

మొదటి రోజుల్లో నోరు నిండుగా ఉన్నట్టు ఉంటుంది. లాలాజలం ఎక్కువగా ఊరుతుంది. కొందరికి వికారం వస్తుంది. స, శ, ఫ వంటి అక్షరాలు పలికితే గాలి పోతుంది. ఇవి కొన్ని వారాలలో వాటంతటవే సర్దుకుంటాయి. రోజూ పావుగంట పేపరు పైకి చదవండి, మనవలు నవ్వితే నవ్వనివ్వండి. పై సెట్టు అంగిలికి అతుక్కుని తొందరగా కుదురుతుంది. క్రింది సెట్టుకు నిలవడానికి చోటు తక్కువ, పైగా నాలుక దానిని కదుపుతూ ఉంటుంది. కనుక దానికి మరికొంత ఓపిక కావాలి.

తిండి సంగతికి వస్తే, మొదట జావ, మెత్తని పప్పన్నం, ఇడ్లీ, ఉడికించిన గుడ్డు, అరటిపండు తీసుకోండి. చిన్న ముద్దలు పెట్టుకుని రెండు వైపులా ఒకేసారి నమలండి. ఒక వైపే నమిలితే రెండో వైపు లేస్తుంది. ముందు పళ్ళతో జామకాయ కొరకకండి. టీ, చారు కొంచెం ఆరనిచ్చి త్రాగండి, అంగిలి కప్పబడి ఉన్నందున వేడి వెంటనే తెలియక గొంతు కాలుతుంది. షుగరు మాత్రలు గాని ఇన్సులిన్ గాని వాడేవారు ఒక పూట సరిగా తినలేకపోయినా అదే రోజు మాకు చెప్పండి. మందు ఎంత వేసుకోవాలో డాక్టరుగారు చెబుతారు. చెమటలు పట్టి, చేతులు వణికితే వెంటనే పంచదార నీళ్ళు త్రాగించి తీసుకురండి. స్పృహ లేనివారి నోట్లో మాత్రం ఏమీ పోయకండి.

రాత్రి పళ్ళు తీసి మామూలు నీళ్ళ గిన్నెలో వేయండి. చిగురుకు ఆ విశ్రాంతి కావాలి. రాత్రింబగళ్ళు పెట్టుకునేవారికి అంగిలి ఎర్రబడి బూజు జాతి సూక్ష్మజీవులు చేరతాయి. వేడి నీళ్ళు పోస్తే పళ్ళు వంకర తిరుగుతాయి. బొగ్గు, కచ్చిక, ముగ్గుపిండి గీతలు పెడతాయి. మెత్తని బ్రష్షు, సబ్బు చాలు. కడిగేటప్పుడు క్రింద నీళ్ళ బేసిను పెట్టుకోండి, చేయి జారినా విరగవు.

కొన్ని నెలలకు సెట్టు వదులైతే మోసపోయామని అనుకోవద్దు. పళ్ళు తీయించుకున్న చోట ఎముక అరుగుతూనే ఉంటుంది, మొదటి సంవత్సరంలో మరీ ఎక్కువగా. లోపల కొత్త పొర వేస్తే చాలాసార్లు అదే సెట్టు మళ్ళీ పట్టుకుంటుంది.

శ్రీకాకుళం, విశాఖ ప్రాంతాల తీర గ్రామాల్లో స్త్రీలు చుట్ట నిప్పును నోటి లోపల పెట్టుకుని కాల్చే అడ్డపొగ అలవాటు ఉంది. అంగిలి మీద క్యాన్సరుకు అది ఒక కారణం. పై సెట్టు ఆ అంగిలినే కప్పుతుంది కాబట్టి మచ్చ వచ్చినా ఇంటివారికి కనబడదు. చుట్ట, గుట్కా, ఖైనీ అలవాటు ఉన్నవారు నొప్పి లేకపోయినా ఏటా వచ్చి చూపించుకోండి. ఎవరికైనా సరే, పళ్ళు సవరించిన రెండు వారాలకు కూడా మానని పుండు ఒరిపిడి అని వదిలేయకూడదు.

ఆ మామ్మగారు తరువాత మూడుసార్లు వచ్చారు. మూడోసారి చేతిరుమాలులో జంతికలు కట్టుకుని వచ్చి, మా ఎదుటే విరిచి నమిలి చూపించారు. క్రింద ఎడమ వైపు ఇంకా కొంచెం గుచ్చుతోందని తనంతట తానే చెప్పారు. డాక్టరుగారు రెండు నిమిషాలు అరగదీశారు. తరువాతి తేదీ చీటీని కోడలు పర్సులో పెట్టుకుంది.