గుంటూరు ఆకాశంలో పద్దెనిమిదో గ్రూపు

1868 ఆగస్టు 18 ఉదయం గుంటూరులో సూర్యుడు పూర్తిగా మరుగున పడ్డాడు. పట్టపగలు కమ్మిన ఆ చీకటి అయిదు నిమిషాలకు పైగా ఉంది. దాని కోసమే ఖగోళవేత్త పియర్ జాన్సెన్ ఫ్రాన్స్ నుంచి ఓడెక్కి వచ్చి, ఊళ్లో ఒక ఫ్రెంచి వర్తకుడి ఇంట మకాం పెట్టాడు. బ్రిటిష్ వారి తరఫున మేజర్ టెనెంట్ బృందమూ ఇక్కడే టెలిస్కోపులు బిగించింది. అప్పటికి గుంటూరు జిల్లా కేంద్రం కూడా కాదు, కృష్ణా జిల్లాలో ఒక పట్టణం.

గ్రహణ వేళ సూర్యబింబం అంచున ఎగసిన జ్వాలల మీదికి జాన్సెన్ స్పెక్ట్రోస్కోప్ తిప్పాడు. వెలుగు విడిపోయి గీతలుగా కనిపించింది. ఏ మూలకం గీతలు దానివే, రెండోదానికి రావు. ఆ గీతలు ఎంత ప్రకాశంగా ఉన్నాయంటే, గ్రహణం లేకున్నా వీటిని చూడొచ్చని ఆయనకు తోచింది. మర్నాడే గుంటూరులో చూసి నిరూపించాడు. రెండు నెలల తర్వాత ఇంగ్లండులో ఖగోళవేత్త నార్మన్ లాక్యర్ విడిగా అదే పని చేశాడు.

ఆ గీతల వల్లే హీలియం అన్న కొత్త మూలకం మా ఊళ్లోనే బయటపడిందని గుంటూరు వాళ్లు చెప్పుకుంటారు. ఆ గర్వంలో న్యాయం ఉంది, కానీ ఆ ఘనతలో బందరుకూ వాటా ఇవ్వాలి. మద్రాసు వేధశాల అధిపతి నార్మన్ పాగ్సన్ అదే రోజు బందరులో, అంటే మచిలీపట్నంలో, ఒక పసుపు గీతను చూసి, అది సోడియం గీత చోటునే ఉందా, దాని పక్కన ఉందా అన్న అనుమానాన్ని నివేదికలో ఉంచాడు. అది తెలిసిన ఏ మూలకానిదీ కాదని తేల్చి, హీలియం అన్న పేరు తెచ్చింది లాక్యర్.

కొత్త మూలకం పరీక్షనాళికలో కాక ఆకాశంలో దొరకడం కాకతాళీయం కాదు. అప్పటి రసాయనవేత్తలు మూలకాలను పట్టుకునేది అవి దేనితో కలుస్తాయో చూసి. హీలియం దేనితోనూ కలవదు. దాని రెండు ఎలక్ట్రాన్లతో కక్ష్య నిండిపోయింది, ఇవ్వాల్సిందీ పుచ్చుకోవాల్సిందీ ఏమీ లేదు. దాని తోటి జడవాయువుల బయటి కక్ష్యలో ఎనిమిదేసి ఉంటాయి, అవీ సులువుగా కలవవు. అందుకే 1869లో మెండలీవ్ వేసిన మూలకాల పట్టికలో ఈ వాయువుల వరుసకు గడే లేదు. మనం పీల్చే గాలిలో దాదాపు ఒక శాతం ఉన్న ఆర్గాన్ కూడా 1894 దాకా దొరకలేదు. మరుసటి ఏడాది రసాయనవేత్త విలియం రామ్సే యురేనియం ఖనిజం నుంచి వచ్చిన వాయువులో ఆ పసుపు గీతనే చూశాడు. 1898లో నియాన్, క్రిప్టాన్, జెనాన్ వచ్చాయి. పట్టికకు కొత్త నిలువు వరుస చేరింది, అదే నేటి పద్దెనిమిదో గ్రూపు.

ఈ వరుసలో కిందికి దిగేకొద్దీ పరమాణువు పెద్దదవుతుంది, పరమాణువుల మధ్య ఆకర్షణా బలపడుతుంది. హీలియం మైనస్ 269 డిగ్రీల సెల్సియస్ దగ్గర మరిగితే, జెనాన్ మైనస్ 108 దగ్గర మరుగుతుంది. బయటి ఎలక్ట్రాన్ల మీద కేంద్రకం పట్టు కూడా సడలుతుంది. హీలియం నుంచి ఒక ఎలక్ట్రాన్ లాగాలంటే 24.6 ఎలక్ట్రాన్ వోల్టులు కావాలి. మూలకాలన్నిటిలో ఇదే ఎక్కువ. జెనాన్‌కు 12.1 చాలు. నాకు ఈ గ్రూపులో అన్నిటికన్నా ఇష్టమైన అంకె ఇదే. ఆక్సిజన్ అణువుకూ ఇంచుమించు అంతే కావాలి మరి! ప్లాటినం హెక్సాఫ్లోరైడ్ ఆక్సిజన్ నుంచే ఎలక్ట్రాన్ లాక్కోవడం చూసిన రసాయనవేత్త నీల్ బార్ట్‌లెట్, జెనాన్ మాత్రం ఎందుకివ్వదనుకున్నాడు. 1962లో కెనడాలో జెనాన్‌నూ ప్లాటినం హెక్సాఫ్లోరైడ్ ఆవిరినీ కలిపాడు. పసుపు-నారింజ రంగు ఘనపదార్థం పేరుకుంది. జడవాయువులు దేనితోనూ కలవవన్న పాఠాన్ని ఆ రోజు నుంచి మార్చి రాయాల్సి వచ్చింది.

ఇంటర్ చదువులకు పేరుపడ్డ ఊరు గుంటూరు. ఇక్కడి కాలేజీల్లో ఈ గ్రూపును బిట్లుగా బట్టీ పట్టించడం నాకు బాధ కలిగిస్తుంది. పాఠం చెప్పే రోజు ఒక సోడియం దీపం, ఒక హీలియం గొట్టం పక్కపక్కన వెలిగించి, పిల్లల చేతికి స్పెక్ట్రోస్కోప్ ఇవ్వండి. సోడియం జంట గీతలు 589.0, 589.6 నానోమీటర్ల దగ్గర, హీలియం గీత 587.6 దగ్గర కనిపిస్తాయి. ఆ కాస్త ఎడాన్ని ఈ ఊరి పిల్లలు తమ కళ్లతో కొలవాలి.