నాగార్జునకొండ ఎవరిది?

విజయపురి సౌత్‌లో లాంచీ ఎక్కితే కృష్ణ నీళ్ళ మధ్య ఒక ద్వీపం కనిపిస్తుంది. అది నాగార్జునకొండ పైభాగం. కింద లోయలో ఒకప్పుడు ఇక్ష్వాకుల రాజధాని విజయపురి ఉండేది. ఇప్పుడా లోయంతా నాగార్జునసాగర్ జలాశయం.

కొండకు పేరిచ్చిన బౌద్ధ గురువు ఆచార్య నాగార్జునుడి గురించి 7వ శతాబ్దపు చైనా యాత్రికుడు హ్యూయన్‌త్సాంగ్ ఒక కథ రాశాడు. ఆచార్యుడి కోసం శాతవాహన రాజు ఒక కొండను తొలిపించి ఐదంతస్తుల విహారం కట్టించబోయాడట. పని సగంలో ఉండగానే ఖజానా ఖాళీ అయింది. నాగార్జునుడు ఏదో రసం చల్లి బండల్ని బంగారం చేసేశాడు! కథ అక్కడితో ఆగదు. ఆచార్యుడు బతికున్నంత కాలం రాజుకూ చావు లేదు. సింహాసనం కోసం ఎదురుచూసి విసిగిన యువరాజు, తల్లి సలహాతో వెళ్ళి ఆచార్యుడి తలనే దానమడిగాడు. ఆయన ఎండు గడ్డిపరకతో మెడ కోసుకుని ఇచ్చేశాడు. గడ్డిపరకే ఎందుకో టిబెట్ వాళ్ళు చెబుతారు: ఏదో పూర్వజన్మలో గడ్డి కోస్తూ ఒక పురుగును చంపాడట.

ఆయన చివరి రోజులు శ్రీపర్వతంపై గడిచాయని టిబెట్ సంప్రదాయం. ఇక్కడి శాసనాల్లో శ్రీపర్వతం పేరుంది కాబట్టి ముడి పడింది. కానీ లోయలో దొరికిన ఇక్ష్వాకు శాసనాల్లో ఆచార్యుడి ఊసే లేదు. ఉన్నవి ఎక్కువగా ఆడవాళ్ళ పేర్లు.

3వ శతాబ్దంలో ఇక్ష్వాకు రాజు శాంతమూలుడు అశ్వమేధం చేసి వైదిక ధర్మాన్ని నిలబెడితే, ఆయన సోదరి శాంతిశ్రీ బుద్ధుడి ధాతువుపై మహాచైత్యాన్ని పునర్నిర్మించింది. అప్పటికి రాజైన శాంతమూలుడి కొడుకు వీరపురుషదత్తుడికి ఈమె మేనత్తే కాదు, అత్తగారు కూడా. మేనరికం మనకు ఎంత పాతదో చూడండి! ఇక బోధిశ్రీ రాణీ కాదు, రాకుమార్తే కాదు, ఒక ఉపాసిక. సింహళం నుంచి వచ్చిన భిక్షువుల కోసం చైత్యగృహం కట్టించింది. కాశ్మీరం, గాంధారం, చైనా దాకా ధర్మం చేర్చిన వాళ్ళంటూ వారిని ఆమె శాసనం పొగుడుతుంది. ఈ ఊరికి సముద్రాల అవతల దాకా ఉన్న పేరుకు ఇంతకంటే సాక్ష్యం అక్కర్లేదు.

ఇక్ష్వాకులు పోయాక లోయ అడవి పాలైంది. 1926లో స్థానిక బడిపంతులు సూరపరాజు వెంకటరామయ్య ఒక పాత స్తంభం చూసి ప్రభుత్వానికి కబురు పెట్టారు. మరుసటి ఏడు పురావస్తు శాస్త్రవేత్త లాంగ్‌హర్స్ట్ తవ్వకాలు మొదలుపెట్టారు. మహాచైత్యంలో వెండి భరిణె, దానిలో బంగారు భరిణె, దానిలో చిన్న ఎముక ముక్క దొరికాయి. ఆ ధాతువు ఇప్పుడు సారనాథ్‌లోని మూలగంధకుటి విహారంలో ఉంది.

1955 డిసెంబరు 10న నెహ్రూ నాగార్జునసాగర్ ఆనకట్టకు శంకుస్థాపన చేశారు. నీళ్ళు రాకముందే లోయనంతా తవ్వే పని ఆర్. సుబ్రహ్మణ్యం బృందం 1954 నుంచి 1960 దాకా చేసింది. కొన్ని కట్టడాలను విప్పి కొండపైన, మరికొన్నిటిని ఒడ్డున అనుపులో తిరిగి నిలబెట్టారు. లక్షల ఎకరాలకు నీళ్ళిచ్చిన ఆనకట్టను తప్పుపట్టలేం. పోయింది మాత్రం చిన్నదేమీ కాదు.

వెళ్ళినవాళ్ళు చాలామంది మ్యూజియంలో నిలువెత్తు బుద్ధుణ్ణి చూసి లాంచీ దగ్గరికి పరుగెడతారు. మీరు కాస్త ఆగి స్తూపాల దగ్గర నిలిపే, శాసనాలున్న ఆయక స్తంభాలు చూడండి. అనుపులోని రంగస్థలాన్నీ వదలకండి. తిరుగు లాంచీ ఎన్నింటికో ముందే అడిగి పెట్టుకోండి.