వేప్ చెడిపోతే బాగుచేయించాలా?

చొక్కా ఉతకబోతుంటే జేబులోంచి వేలెడంత వస్తువొకటి జారిపడుతుంది. చూడటానికి కంప్యూటరుకు తగిలించే పెన్‌డ్రైవులా ఉంటుంది. ఒక కొసన చిన్న రంధ్రం, రెండో కొసన ఛార్జరు పెట్టే చోటు. వాసన చూస్తే మామిడిపండో, పుదీనానో గుర్తుకొస్తుంది. “ఏంది నాయనా ఇది?” అని తల్లి అడిగితే, “స్నేహితునిది మా, చెడిపోతే బాగుచేయించమని ఇచ్చినాడు” అంటాడు కొడుకు.

దాన్ని పాడ్ వేప్ అంటారు. ఎలక్ట్రానిక్ సిగరెట్లలో అదొక రకం. మన దేశంలో 2019 సెప్టెంబరులో ఆర్డినెన్సు ద్వారా, ఆ ఏడాది డిసెంబరులో చట్టం ద్వారా వీటి తయారీని, దిగుమతిని, అమ్మకాన్ని, ప్రకటనలను నిషేధించారు. మొదటిసారి అమ్మి పట్టుబడితే ఏడాది వరకు జైలు లేదా లక్ష రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ. నిల్వ ఉంచితే ఆరు నెలల వరకు జైలు లేదా 50 వేల వరకు జరిమానా, లేదా రెండూ. అయినా ఇవి ప్రొద్దుటూరు దాకా, జమ్మలమడుగు దాకా ఎలా వస్తాయని మీరు అడగవచ్చు. కడప జిల్లా నుంచి కువైట్‌కు బతుకుదెరువుకు వెళ్లినవారు ఎందరో ఉన్నారు. సెలవుకు వచ్చేవారి సంచిలో సెంటు సీసాల పక్కన ఇదొకటి ఉండవచ్చు. పెద్ద నగరాలలో చదివే పిల్లల వెంటా రావచ్చు. కువైట్ నుంచి తెచ్చినది కదా, మంచి సరుకే అయి ఉంటుందని ఇంట్లో అనుకుంటారు. సరుకు ఎక్కడిదైనా లోపల జరిగే పని ఒక్కటే.

ఆ పని దీపం లాంటిది. ప్రమిదలో నూనె ఉన్నట్టు పాడ్‌లో ఒక ద్రవం ఉంటుంది. గ్లిజరిన్, ప్రొపిలీన్ గ్లైకాల్, వాసన ద్రవ్యాలు, వీటిలో కలిసి నికోటిన్. దూది వత్తి ఆ ద్రవాన్ని పీల్చుకుంటుంది. వత్తికి చుట్టిన సన్నని లోహపు తీగను బ్యాటరీ వేడి చేస్తుంది. నోటితో పీల్చగానే లోపలి సెన్సరు ఆ గాలి కదలికను పసిగట్టి తీగకు కరెంటు వదులుతుంది. పైకి వచ్చేది పొగ కాదు, అతి సన్నని తుంపర. దీనిని చూసే చాలామంది “ఇది ఆవిరే కదా” అని మోసపోతారు.

ఇక చెడిపోవడం సంగతి. అన్నిటికంటే ఎక్కువగా వినిపించేది “మాడు రుచి వస్తున్నది” అనే ఫిర్యాదు. ప్రమిదలో నూనె అయిపోతే వత్తి కాలి కమురు వాసన కొడుతుంది చూశారా, ఇదీ అంతే. ద్రవం తగ్గినా, వత్తి సరిగా తడవకపోయినా, విరామం లేకుండా వరసగా పీల్చినా తీగ మితిమీరి వేడెక్కి దూదిని కాలుస్తుంది. అప్పుడు గ్లిజరిన్ విరిగి అక్రోలిన్ అనే ఘాటైన వాయువు పుడుతుంది. మూకుడులో నూనె మాడినప్పుడు కళ్లు మండి దగ్గు తెప్పించేది అదే. దానితోపాటు ఫార్మాల్డిహైడ్ కూడా పుడుతుంది. శవాలు చెడకుండా ఉంచే ఫార్మలిన్ ద్రావణం దీనితోనే తయారవుతుంది. కాన్సరు కారకమని నిర్ధారణ అయిన పదార్థమిది. తీగ పాతబడేకొద్దీ నికెల్, క్రోమియం వంటి లోహాల రేణువులు కూడా తుంపరలో కలుస్తాయి. మాడు రుచి వచ్చిన తరువాత “ఇంకో నాలుగు పీల్పులు పీలిస్తే సర్దుకుంటుంది” అనేది కుర్రకారులో చెలామణీ అయ్యే సలహా. ఇంతకంటే చెడ్డ సలహా నేను వినలేదు. కాలిన దూది మళ్లీ దూది కాదు.

రెండవది కారడం. మన ప్రాంతపు ఎండాకాలం 40 డిగ్రీలు దాటడం మీకు తెలియనిది కాదు. పులివెందులలో మిట్టమధ్యాహ్నం స్కూటరు డిక్కీలో పెట్టిన పాడ్‌లో ద్రవం పలచబడుతుంది, లోపలి గాలి వ్యాకోచించి దాన్ని బయటికి నెడుతుంది. కారిన ద్రవం గొట్టంలో చేరితే గుడగుడమని శబ్దం వస్తుంది. పీల్చినప్పుడు వేడి చుక్కలు నాలుక మీద పడి చురుక్కుమంటాయి. సెన్సరు తడిస్తే మరో చిక్కు ఉంది. ఎవరూ పీల్చకుండానే తీగ వేడెక్కి జేబులోనే కాలవచ్చు.

ఇంట్లో పసిపిల్లలుంటే ఈ కారడాన్ని అన్నిటికంటే పెద్ద ప్రమాదంగా లెక్కించాలి. అమెరికాలో 2015లో వచ్చిన జూల్ అనే రకంలో పాడ్‌కు 0.7 మిల్లీలీటర్ల ద్రవం, అందులో సుమారు 40 మిల్లీగ్రాముల నికోటిన్ ఉండేది. రెండేళ్ల బిడ్డకు అది ప్రాణాపాయం తేగల మోతాదు. వాసన చూస్తే మామిడి తాండ్ర గుర్తుకొస్తుంది కనుక నోట్లో పెట్టుకోకుండా ఎలా ఉంటుంది? నికోటిన్ చర్మం గుండా కూడా ఒంటిలోకి పోతుంది. తడి పొగాకు ఆకులు కోసే కూలీలకు వాంతులు, కళ్లు తిరగడం కలిగేది అందువల్లనే. చేతికి అంటితే సబ్బు నీళ్లతో బాగా కడగండి. కంట్లో పడితే పావుగంటకు తక్కువ కాకుండా మంచినీటితో కడగాలి. బిడ్డ మింగినట్టు అనుమానం వస్తే వాంతి చేయించవద్దు, ఉప్పునీళ్లు, మజ్జిగ తాగించవద్దు. చొల్లు కారడం, ముఖం పాలిపోవడం, వాంతులు, చెమటలు మొదట కనిపిస్తాయి. తరువాత ఫిట్సు రావచ్చు, ఊపిరి ఆడకపోవచ్చు. ఈ లక్షణాల కోసం కాచుకొని కూర్చోకుండా 108కి ఫోను చేసి దగ్గరి ఆసుపత్రికి తీసుకుపోండి. ఆ పాడ్‌ను కూడా సంచిలో వేసుకొని వెళ్లి డాక్టరుకు చూపండి.

మూడవది బ్యాటరీ. దీపం మినుకుమినుకుమంటుంది, ఛార్జి ఎక్కదు. కుర్రవాళ్లు గుండుసూదితో గీకుతారు, సెల్‌ఫోను ఫాస్టు ఛార్జరు తగిలిస్తారు, మూత ఊడదీసి తీగలు కలుపుతారు. లోపలిది లిథియం బ్యాటరీ. సూది గుచ్చుకున్నా, నలిగినా, ఉబ్బినా అది భగ్గుమనవచ్చు. ముట్టుకుంటే చురుక్కుమనే వేడి, ఉబ్బు, వింత వాసన, వీటిలో ఏ ఒక్కటి ఉన్నా ఛార్జింగు ఆపి, మండే వస్తువులకు దూరంగా, ఆరుబయట ఇసుక మీద ఉంచండి. పొయ్యిలో, చెత్తకుప్పలో పారేయవద్దు, పాత బ్యాటరీలు తీసుకునేవారికి అప్పగించండి. ఒళ్లు కాలితే 20 నిమిషాలు ధారగా నీళ్లు పోసి ఆసుపత్రికి వెళ్లాలి. టూత్‌పేస్టు, సిరా పూయకండి.

ఇంతకీ బాగుచేయించాలా? వద్దు. అమ్మకమే నేరమైన వస్తువుకు అసలైన విడిభాగాలు దొరకవు. దొరికిన పాడ్‌లో ఏం పోశారో సీసా మీద చీటీ కూడా ఉండదు. 2019లో అమెరికాలో వేపింగు వల్ల ఊపిరితిత్తులు దెబ్బతిన్న జబ్బు ప్రబలింది. 2020 ఫిబ్రవరి నాటికి ఆసుపత్రి పాలైనవారు, మరణించినవారు కలిపి 2,807 మంది, అందులో చనిపోయినవారు 68 మంది. వారిలో ఎక్కువమంది గంజాయి సారం ఉన్న, బయట తెచ్చుకున్న సరుకు పీల్చినవారే. ద్రవాన్ని చిక్కబరచడానికి కలిపిన విటమిన్-ఇ అసిటేటు ముఖ్య కారణమని తేలింది. పీల్చే అలవాటున్నవారికి దగ్గు, ఆయాసం, ఛాతీనొప్పి, జ్వరం ఉంటే డాక్టరుకు వేపింగు సంగతి దాచకుండా చెప్పాలి. చెప్పకపోతే ఆయన న్యుమోనియా అనుకొని మందులు రాస్తారు.

యంత్రం ఆగిన రోజు నుంచి అబ్బాయి చిరాకుపడతాడు, చదువు మీద మనసు పెట్టలేడు, రాత్రి నిద్రపోడు. తల్లిదండ్రులు దీనిని పొగరు అనుకుంటారు. నిజానికి నికోటిన్ అందక ఒళ్లు చేసే అల్లరి అది. మొదటి మూడు రోజులు మరీ ఎక్కువగా ఉండి, మూడు నాలుగు వారాలలో చాలావరకు తగ్గుతుంది. కోరిక పుట్టినప్పుడల్లా కొద్ది నిమిషాలలో అదే దిగిపోతుంది. ఆ కాసేపు నీళ్లు తాగించండి, పెన్నా ఒడ్డుకో పొలానికో నడిపించుకొని వెళ్లండి. కొట్టి తిడితే బీడీకో గుట్కాకో మళ్లుతాడు. పెద్దవారికి మందుల దుకాణంలో దొరికే 2 మిల్లీగ్రాముల నికోటిన్ చూయింగ్‌గమ్ పనికివస్తుంది. దాన్ని మామూలు చూయింగ్‌గమ్‌లా నమలకూడదు. నాలుగుసార్లు నమిలి, నాలుక చురుక్కుమనగానే బుగ్గన పెట్టుకోవాలి, ఆ చురుకు తగ్గాక మళ్లీ నమలాలి. పద్దెనిమిదేళ్ల లోపువారికి, గుండెజబ్బు ఉన్నవారికి, గర్భిణులకు డాక్టరు చెప్పనిదే ఇవ్వవద్దు. మానాలనుకునేవారి కోసం సిగరెట్ పెట్టెల మీద ముద్రించే 1800 11 2356 అనే నంబరుకు ఉచితంగా ఫోను చేసి సలహా అడగవచ్చు. అబ్బాయి చేతికి ఫోను ఇచ్చి, మీరు పక్క గదిలోకి వెళ్లండి.