పది మిల్లీసెకన్ల కొలువు

కౌంటర్ స్ట్రైక్ 1.6 ఆడినవాళ్లకు ఒక అన్యాయం బాగా గుర్తుంటుంది. గురి సరిగ్గా తలమీదే ఉంది, నొక్కాం, తుపాకీ పేలింది. అవతలివాడు మాత్రం ఏమీ కానట్టు గోడ చాటుకు నడిచి పోయాడు. మరుక్షణం మనమే కిందపడ్డాం. "ల్యాగ్ కొడుతోందిరా!" అని గదిలో ఉన్నవాళ్లందరూ ఒకేసారి అరుస్తారు. ఆ ఒక్క మాట వెనక అరడజను వేర్వేరు జబ్బులు దాక్కుని ఉంటాయి. వాటిని విడదీసి పట్టుకోవాలంటే ఆట నడిపే యంత్రం ఎలా పుట్టిందో, రోజంతా అది ఏం పని చేస్తుందో ముందు తెలియాలి.

1993 డిసెంబరులో వచ్చిన డూమ్‌లో సర్వర్ అంటూ ఏదీ లేదు. నలుగురు ఆడుతుంటే, ఎవరు ఏ మీట నొక్కారో నాలుగు కంప్యూటర్లూ సెకనుకు 35 సార్లు ఒకదానికొకటి చెప్పుకునేవి. అందరి కబురూ అందితేనే ఆట ఒక అడుగు ముందుకు కదిలేది. ఒక్కటి వెనకబడితే మిగతా మూడూ ఆగిపోయేవి. ఒకే గదిలో కేబుల్ వేసుకుని ఆడేవాళ్లకు అది సరిపోయింది. ఫోన్ లైన్ మీద ఆడేవాళ్లకు మాత్రం నరకమే.

1996లో వచ్చిన క్వేక్‌తో ఇడ్ సాఫ్ట్‌వేర్ సంస్థకు చెందిన జాన్ కార్మాక్ ఈ పద్ధతిని పూర్తిగా మార్చేశాడు. ఆటలో నిజంగా ఏం జరిగిందో తేల్చే అధికారం ఒకే ఒక్క కంప్యూటరుకు అప్పగించాడు. కబడ్డీ కోర్టులో అంపైరు లాగా, అది ఔట్ అంటే ఔటే. అదే ఏడాది చివర్లో వచ్చిన క్వేక్‌వరల్డ్‌లో ఇంకో మెలిక పెట్టాడు. సర్వర్ జవాబు వచ్చేదాకా ఆగకుండా మన కదలికను మన కంప్యూటరే ముందుగా ఊహించి తెరమీద చూపిస్తుంది, తర్వాత వచ్చిన తీర్పును బట్టి సరిదిద్దుకుంటుంది. క్వేక్ ఇంజిన్‌ను లైసెన్సుకు తీసుకుని వాల్వ్ సంస్థ 1998లో హాఫ్ లైఫ్ తెచ్చింది. దాని మీద మిన్ లీ, జెస్ క్లిఫ్ 1999లో ఉచితంగా కట్టిన ఆటే కౌంటర్ స్ట్రైక్. 1.6 వెర్షన్ 2003 సెప్టెంబరులో వచ్చి, నెట్ సెంటర్ల కాలమంతా మన చిన్న పట్టణాల కుర్రాళ్లను కట్టిపడేసింది.

ఈ ఆటను నడిపే యంత్రం పేరు హాఫ్ లైఫ్ డెడికేటెడ్ సర్వర్. అందరూ హెచ్‌ఎల్‌డీఎస్ అనేది దాన్నే. దానికి బొమ్మలు గీసే పని లేదు, శబ్దం చేసే పని లేదు. తెరమీద అక్షరాల కిటికీ ఒకటి, అంతే. 27015 నంబరు పోర్టులో కూర్చుని ఆటగాళ్ల నుంచి వచ్చిన ప్యాకెట్లు చదవడం, ఎవరు ఎక్కడున్నారో లెక్కగట్టడం, అందరికీ తిరిగి చెప్పడం దాని పని. మామూలు సెట్టింగులో ఇది సెకనుకు 100 సార్లు జరగాలి. అంటే ఒక్కో చుట్టుకు దక్కేది 10 మిల్లీసెకన్లు. పైగా గతాన్ని కూడా కొంచెం గుర్తుపెట్టుకోవాలి. మనం ట్రిగ్గర్ నొక్కిన కబురు సర్వర్‌కు చేరేసరికి కొంత ఆలస్యం అవుతుంది కదా. అందుకే అది కాలాన్ని ఆ మేరకు వెనక్కి తిప్పి, మనం నొక్కిన క్షణంలో శత్రువు ఎక్కడున్నాడో చూసి తీర్పు చెబుతుంది. వాల్వ్ ఇంజనీరు యాన్ బెర్నియర్ ఈ ఏర్పాటును 2001లో వివరంగా రాశాడు. ఇంత పనికీ గొప్ప బలం అక్కర్లేదు, వేళ తప్పకపోతే చాలు. ఇరవై ఏళ్ల నాటి పెంటియం 4 కూడా పదిమంది ఆటను నడపగలిగేది అందుకే. దానికి వచ్చే జబ్బులన్నీ, పైకి ఏ రూపంలో కనబడినా, వేళ తప్పించే జబ్బులే కావడం కూడా అందుకే.

నంద్యాలలో ఒకప్పటి నెట్ సెంటరు మూతపడి, అందులోని 3 గిగాహెర్ట్జ్ పెంటియం 4 పెట్టె ఒకటి ఆళ్లగడ్డ చేరిందనుకుందాం. స్నేహితులు ఆడుకోవడానికి దాన్ని సర్వర్ చేశారు. రాత్రి బాగానే ఉంటుంది, మధ్యాహ్నం ల్యాగ్. ఇలాంటప్పుడు మొదటి సలహా ఎప్పుడూ ఒకటే: "ఫార్మాట్ కొట్టించు." దయచేసి కొట్టించకండి. ఫార్మాట్ కొడితే జబ్బు పోకపోవచ్చు గానీ, దాని ఆనవాళ్లు మాత్రం చెరిగిపోతాయి.

ముందు ఆటగాడి తెరమీద నెట్‌గ్రాఫ్ అనే కొలతల పట్టీ పెట్టి మూడు అంకెలు చూడాలి. లాస్ పెరుగుతుంటే ప్యాకెట్లు దారిలో పోతున్నాయి, కేబులునో వైఫైనో అనుమానించాలి. చోక్ పెరుగుతుంటే సర్వర్ చెప్పాలనుకున్నది వేళకు పంపలేకపోతోంది. పింగ్ ఎక్కువగా ఉన్నా నిలకడగా ఉంటే అది దూరం వల్ల, జబ్బు కాదు. తర్వాత సర్వర్ కిటికీలో 'స్టాట్స్' అని కొడితే ఒక వరుస వస్తుంది. అందులో సెకనుకు ఎన్ని చుట్లు తిరుగుతోందో చెప్పే ఎఫ్‌పీఎస్ అన్నది సర్వర్ నాడి. రాత్రి నిలకడగా ఉండి మధ్యాహ్నం రెండింటికి సగానికి పడిపోతే, నెట్ వాళ్లను తిట్టడం ఆపి పెట్టె మూత తీయాలి.

నంద్యాల ప్రాంతంలో మే నెల ఎండ 44, 45 డిగ్రీలకు పోతుంది. ఏ ఫ్యానూ చిప్పును గదిలోని గాలి కన్నా చల్లగా ఉంచలేదు. ఆ కాలపు పెంటియం 4 చిప్పు పూర్తి పనిలో 80, 90 వాట్ల వేడి విడుస్తుంది. దీనికి తోడు ఆళ్లగడ్డ శిల్పుల ఊరు. రాయి కోసే, అరగదీసే మిషన్లు నడిచే చోట లేచే సన్నటి పొడి గాలిలో ఎంతసేపైనా తేలుతుంటుంది. ప్రాసెసర్ ఫ్యాను దాన్ని పీల్చి కిందికి తోస్తుంది. పైనుంచి చూస్తే ఫ్యాను రెక్కలకు కాస్త దుమ్ము, అంతే. నాలుగు మూలల క్లిప్పులు వదులు చేసి ఫ్యాను పైకి లేపితే అసలు సంగతి తెలుస్తుంది. అల్యూమినియం రేకుల నోళ్లకు అడ్డంగా బూడిదరంగు దుమ్ము పొర, వేలితో పట్టి లాగితే ఒకే ముక్కగా వచ్చేంత మందంగా పట్టి ఉంటుంది. బయటినుంచి బ్లోయర్ ఎంత కొట్టినా అది కదలదు. ఫ్యాను విప్పి రేకుల మధ్య నుంచి తీయాల్సిందే. చిప్పుకూ రేకులకూ మధ్య ఎండి పెళుసైన పాత పేస్టును తుడిచి కొత్తది పూయాల్సిందే.

అంత వేడిలో యంత్రం ఎందుకు ఆగిపోలేదు? పెంటియం 4లో ఇంటెల్ పెట్టిన రక్షణ వల్ల. వేడి హద్దు దాటగానే చిప్పు తన గడియారాన్ని కొన్ని క్షణాలు ఆపి, కొన్ని క్షణాలు నడుపుతూ పోతుంది. ప్రాణం దక్కుతుంది గానీ పని సగానికి పడిపోవచ్చు. విండోస్‌లో చూస్తే మాత్రం వేగం 3 గిగాహెర్ట్జ్ అనే కనబడుతుంది. ఈ ఒక్క సంగతి తెలియక ఎంతమంది ర్యాము మార్చి ఉంటారో, విండోస్ మళ్లీ మళ్లీ ఎక్కించి ఉంటారో! దీన్ని తేల్చుకునే పరీక్షకు పైసా ఖర్చు లేదు. పక్క డోరు తీసి, టేబుల్ ఫ్యాను దానివైపు తిప్పి, పావుగంట తర్వాత మళ్లీ స్టాట్స్ చూడండి. ఎఫ్‌పీఎస్ కోలుకుంటే దోషం వేడిదే.

దుమ్ము తీశాక కూడా పెట్టె దానంతటది రీస్టార్ట్ అవుతుంటే, ప్రాసెసర్ పక్కన వరుసగా నిలబడిన కెపాసిటర్లను చూడాలి. 12 వోల్టులను సుమారు 1.4 వోల్టులకు దించి, 60 ఆంపియర్ల దాకా చిప్పుకు అందించే చోట కరెంటును నిలకడగా ఉంచేది అవే. లోపలి ద్రవం ఏళ్ల తరబడి ఆరిపోతూ ఉంటుంది. వేడి 10 డిగ్రీలు పెరిగితే వాటి ఆయుష్షు సగానికి తగ్గుతుందని ఇంజనీర్ల లెక్క. పైగా 2000ల మొదట్లో తయారైన నాసిరకం కెపాసిటర్లు ప్రపంచమంతటా లక్షల మదర్‌బోర్డులను ముంచాయి. మంచి కెపాసిటర్ తల బల్లపరుపుగా ఉంటుంది, పోయినదాని తల ఉబ్బుతుంది, ఒక్కోసారి గోధుమరంగు పొక్కు కడుతుంది. పెట్టెకు కరెంటు అందించే ఎస్‌ఎంపీఎస్ లోపలా ఇవే ఉంటాయి. వీధిలో పెద్ద మోటారు ఆన్ కాగానే, లైటు మసకబారిన క్షణంలోనే పెట్టె రీస్టార్ట్ అయితే ముందు ఎస్‌ఎంపీఎస్‌ను మార్చి చూడాలి. టీవీలు బాగుచేసే మనిషి చేత అదే విలువ ఉన్న, 105 డిగ్రీలు తట్టుకునే, కంప్యూటర్ బోర్డులకు పనికొచ్చే రకం కెపాసిటర్లు వేయిస్తే బోర్డు ఇంకొన్నేళ్లు బతుకుతుంది. ఆ పని తెలిసిన చేతులు మన పట్టణాల్లో తగ్గిపోతుండటం నిజంగా నష్టం.

ఇంకో రకం ల్యాగ్ ఉంది. ఆట చక్కగా సాగుతూ, ఉన్నట్టుండి అర సెకను అందరూ బిగుసుకుపోతారు. ఇది ఎక్కువగా హార్డ్ డిస్క్ చేసే పని. విండోస్ ఎక్స్‌పీ ఒక విచిత్రం చేస్తుంది. పాత ఐడీఈ డిస్కుతో మాట్లాడేటప్పుడు ఆరు తప్పులు పోగైతే, వేగమైన డీఎంఏ పద్ధతిని వదిలేసి పీఐఓ అనే నిదాన పద్ధతికి దిగిపోతుంది. దాని గురించి మనకు ఒక్క ముక్క చెప్పదు. అప్పటినుంచి డిస్కు మీద రాసే ప్రతిదాన్నీ ప్రాసెసరే మోయాలి. సర్వర్ లాగ్ రాసినప్పుడల్లా, మ్యాపు మారినప్పుడల్లా ఆ పది మిల్లీసెకన్ల కొలువు గాడి తప్పుతుంది. డివైస్ మేనేజర్‌లో ఐడీఈ ఛానల్ తెరిస్తే ఏ పద్ధతిలో ఉందో కనబడుతుంది. నలిగిన రిబ్బన్ కేబులు మార్చి, ఆ ఛానల్‌ను తీసేసి రీస్టార్ట్ చేస్తే విండోస్ దాన్ని కొత్తగా గుర్తించి డీఎంఏకి తిరిగి వస్తుంది.

ఆ రోజుల్లో సర్వర్లు నడిపినవాళ్లు వాడిన ఒక చిట్కా నాకు ఇప్పటికీ ముచ్చటగొలుపుతుంది. సర్వర్ మీద పాట ఏదీ పెట్టకుండా, ఊరికే విండోస్ మీడియా ప్లేయర్ తెరిచి ఉంచేవాళ్లు. సర్వర్ ఎఫ్‌పీఎస్ వెంటనే పెరిగేది. మంత్రంలా కనబడుతుంది గానీ కారణం సూటిగానే ఉంది. విండోస్ గడియారం మామూలుగా సుమారు 15.6 మిల్లీసెకన్లకు ఒకసారి కొడుతుంది. అంటే సెకనుకు 64 సార్లు. నిద్రపోయిన ప్రోగ్రాము ఆ గంట మోగినప్పుడే లేస్తుంది, కాబట్టి సర్వర్ 100 చుట్లు తిరగాలన్నా కుదరదు. మీడియా ప్లేయర్ తనకోసం ఆ గడియారాన్ని ఒక మిల్లీసెకనుకు మార్చమని అడిగేది. విండోస్ మారిస్తే అందరికీ కలిపే మార్చేది. ఆ లాభం పక్కనే ఉన్న సర్వర్‌కూ దక్కేది.

కేబులు దగ్గర ఒకే ఒక్క తప్పు గురించి చెబుతాను, ఎందుకంటే అది టెస్టరును కూడా మోసం చేస్తుంది. నెట్‌వర్క్ కేబులులో ఎనిమిది తీగలు నాలుగు జతలుగా మెలితిరిగి ఉంటాయి. 100 మెగాబిట్ల వేగానికి పనిచేసేవి 1, 2, 3, 6 స్థానాల్లోని తీగలు. 3, 6 ఒకే జతవి కావాలి. రంగుల క్రమం పట్టించుకోకుండా జతలను వరుసగా పేర్చి క్రింపింగ్ చేస్తే, 3 ఒక జతకు, 6 ఇంకో జతకు పోతాయి. రెండు కొసల్లోనూ అదే క్రమం ఉంటే టెస్టరు లైట్లు ఒకటి నుంచి ఎనిమిది దాకా చక్కగా వెలుగుతాయి. కానీ మెలిక ఇచ్చే రక్షణ పోయి ఒక తీగ సంకేతం ఇంకోదానిలోకి కారుతుంది. నెట్‌గ్రాఫ్‌లో లాస్ కనబడుతుంది. కొస కత్తిరించి మళ్లీ కొట్టడమే మందు.

ఇప్పుడు నంద్యాలలో ఉన్న స్నేహితులూ ఈ సర్వర్‌కు రావాలి. దూరం సుమారు 40 కిలోమీటర్లు. ఫైబర్‌లో వెలుగు ఆ దూరాన్ని మిల్లీసెకనులో ఐదో వంతులో దాటేస్తుంది. కానీ ఆళ్లగడ్డలో ఒక కంపెనీ కనెక్షను, నంద్యాలలో ఇంకో కంపెనీది అయితే, ఆ రెండూ కలిసేది హైదరాబాదులోనో చెన్నైలోనో కావచ్చు. పక్క ఊరి ప్యాకెట్టు అంత దూరం పోయి తిరిగి వస్తుంది. అది కూడా ఆడుకోదగ్గ ఆలస్యమే. అసలు చిక్కు వేరే ఉంది. రౌటర్‌లో 27015 పోర్టు తెరిచినా ఎవరూ లోపలికి రాలేకపోతే, రౌటర్‌కు బయటి వైపు వచ్చిన అడ్రసు చూడండి. అది 100.64 నుంచి 100.127 లోపు మొదలైతే ఆ అడ్రసు మీ ఒక్కరిది కాదు. పాత పద్ధతి ఇంటర్నెట్‌లో ఉన్న అడ్రసులు మొత్తం సుమారు 430 కోట్లే. అవి చాలక కంపెనీలు ఒకే అడ్రసు వెనక ఎన్నో ఇళ్లను కలుపుతాయి. అలా కలపడానికే 2012లో ఈ వరుసను కేటాయించారు. అప్పుడు పోర్టు మీ ఇంట్లో తెరిచి లాభం లేదు, తెరవాల్సింది కంపెనీ దగ్గర. డబ్బు కట్టి స్టాటిక్ ఐపీ తీసుకోవాలి, లేదా అందరూ ఒకే వీపీఎన్‌లో చేరాలి. తక్కువ ఖర్చుది రెండోదే.

ఈ ఆటనూ సర్వర్‌నూ అందించే వాల్వ్ వేదిక స్టీమ్, 2019 జనవరి 1 నుంచి విండోస్ ఎక్స్‌పీ మీద పనిచేయడం మానేసింది. అక్కడినుంచి ఈ పెట్టెకు దారి లినక్స్. హెచ్‌ఎల్‌డీఎస్ లినక్స్ ప్రోగ్రాము 32 బిట్‌దే కావడం పెంటియం 4కు కలిసొచ్చింది. స్టీమ్ సీఎండీ అనే ప్రోగ్రాముతో దాన్ని దించేటప్పుడు మొదటిసారి సగంలో ఆగిపోతే కంగారుపడకండి. స్టీమ్‌లో 90వ నంబరుతో ఉన్న ఈ సర్వర్ ప్యాకేజీకి అది పాత అలవాటు, పూర్తయ్యేదాకా అదే ఆజ్ఞ మళ్లీ ఇవ్వాలి.

రాత్రింబవళ్లు నడిపితే 100 వాట్ల పెట్టె నెలకు 72 యూనిట్లు తింటుంది. సాయంత్రం నాలుగు గంటలే నడిపితే 12 యూనిట్లు. చాలా మదర్‌బోర్డుల బయోస్‌లో అలారం పెట్టే వీలుంది. ఆరింటికి పెట్టె దానంతటదే లేస్తుంది. బోర్డు మీది రూపాయి బిళ్లంత సీఆర్2032 బ్యాటరీ అయిపోయి ఉంటే మాత్రం కరెంటు పోయిన ప్రతిసారీ గడియారం ఏనాటికో వెనక్కి పోతుంది, అలారం మోగాల్సిన వేళకు మోగదు. ఆ బ్యాటరీని ముందే మార్చి పెట్టుకోండి.